ఫ్రాంచైజీ జిమ్ పెట్టబోతున్నాం: సంతకం పెట్టేలోపు లైసెన్సులు, సేఫ్టీ సంగతి చెప్పండి

నిజాంపేట_ఫిట్ (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. నేనూ, మా బావగారూ కలిసి నిజాంపేట రోడ్డులో జిమ్ పెడదామనుకుంటున్నాం. సొంత పేరు కాదు, దేశమంతా బ్రాంచీలున్న ఒక బ్రాండ్ ఫ్రాంచైజీ. మూడో అంతస్తు, దాదాపు 4,500 చదరపు అడుగులు. బ్రాండ్ తరఫున మాట్లాడే అతను "పేపర్ వర్క్ మా టీమ్ చూసుకుంటుంది, మీరు ఇంటీరియర్ మొదలుపెట్టేయండి" అంటున్నాడు. అగ్రిమెంట్ డ్రాఫ్ట్ చేతికొచ్చింది. ఫీజు ఇంకా కట్టలేదు. ఏయే అనుమతులు కావాలి? అవి ఎవరి పేరు మీద ఉండాలి? రేపు జిమ్‌లో ఎవరికైనా ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, పెట్టేది మా ఇద్దరి కష్టార్జితం.

బెజవాడ_బార్‌బెల్ (విజయవాడ)
నేను ఫ్రాంచైజీ నడుపుతున్నాను కాబట్టి చెబుతున్నా తమ్ముడూ. "మా టీమ్ చూసుకుంటుంది" అన్న మాట అగ్రిమెంట్‌లో ఎక్కడుందో చూపించమని అడగండి. ఉండదు. దానికి బదులు "స్థానిక చట్టాలన్నీ పాటించే బాధ్యత ఫ్రాంచైజీ తీసుకున్నవారిదే" అని ఒక క్లాజు ఉంటుంది. దాని కిందే "ఏ క్లెయిమ్ వచ్చినా బ్రాండ్‌కు నష్టం రాకుండా వీరే భరించాలి" అని ఇంకొకటి. ఆ రెండూ కలిపి చదవండి. బోర్డు మీద పేరు వాళ్లది. ట్రేడ్ లైసెన్స్, లేబర్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ, కరెంటు మీటరు, ఫైర్ కాగితాలు అన్నీ మీ పేరు మీద. ఇన్‌స్పెక్టర్ వచ్చినా, పోలీసులు వచ్చినా ముందు మిమ్మల్నే పిలుస్తారు.

వాళ్లు ఇచ్చేది బ్రాండ్ మాన్యువల్. గోడ రంగు, లైట్లు, మెషీన్ల వరస అందులో ఉంటాయి. మీ బిల్డింగ్‌కు ఓసీ (ప్లాన్ ప్రకారం కట్టారు, వాడుకోవచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఉందా లేదా అన్నది అందులో ఉండదు.

సివిల్_సైట్ (హైదరాబాద్)
పై అన్న ఓసీ మాట ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. బిల్డింగ్ ఓనర్ దగ్గర మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రెండూ తీసుకోండి. ఆ అంతస్తు ప్లాన్‌లో కమర్షియల్‌గా ఉందా, నివాసంగా ఉందా చూడండి. మన దగ్గర అపార్ట్‌మెంట్ కట్టి పై ఫ్లోర్ జిమ్‌కు అద్దెకిచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇందులో కాగితం సమస్య ఒకటైతే, బరువు సమస్య ఇంకొకటి. ఇళ్లకు శ్లాబ్ డిజైన్ చేసేటప్పుడు చదరపు మీటరుకు 200 కిలోల చొప్పున లోడు లెక్కేస్తారు. జిమ్‌కు దానికి రెట్టింపుకు తగ్గకుండా చూడాలి. పైగా డంబెల్ ర్యాకు, ప్లేట్లు, పవర్ ర్యాకు ఒకే గోడ పక్కన చేరతాయి. డెడ్‌లిఫ్ట్ చేసి బార్ వదిలినప్పుడు పడే దెబ్బ వేరే. కాబట్టి స్ట్రక్చరల్ ఇంజినీర్ చేత లిఖితపూర్వకంగా రిపోర్టు తీసుకోండి. బరువైన సెక్షన్ ఎక్కడ పెట్టాలో, బీములు ఎటు వెళ్తున్నాయో ఆయనే గుర్తుపెట్టి ఇస్తాడు. బ్రాండ్ లేఅవుట్ దానికి తగ్గట్టు మారాలి. శ్లాబ్‌ను లేఅవుట్‌కు తగ్గట్టు మార్చలేం కదా.

ఎవరైనా "సెల్లార్ చవగ్గా ఇస్తాం" అంటే దయచేసి ఒప్పుకోకండి. సెల్లార్ పార్కింగ్‌కే. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో బేస్‌మెంట్ లైబ్రరీలోకి నీళ్లొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. అది కోచింగ్ సెంటరే కావచ్చు, జిమ్ అయినా నీళ్లు అలాగే వస్తాయి.

నిజాంపేట_ఫిట్
థాంక్స్ అన్నా. ఓనర్‌ను ఓసీ అడిగితే "ఇక్కడ ఎవరూ అడగరు, బ్యాంకు కూడా ఉంది కింద" అన్నారు. బిల్డింగ్ ఎత్తు 15 మీటర్ల లోపే. అయితే ఫైర్ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని ఫైర్ శాఖ ఇచ్చే పత్రం) అక్కర్లేదా?

సివిల్_సైట్
వాణిజ్య భవనం 15 మీటర్లు దాటితే ఫైర్ శాఖ ఎన్‌వోసీ తప్పదు. ఎత్తు తక్కువైనంత మాత్రాన వదిలేశారని కాదు. జాతీయ భవన నిర్మాణ స్మృతి 2016లో జిమ్నాజియంలను జనం గుమిగూడే భవనాల కోవలో పెట్టారు. మీ కేసులో ఏం కావాలో జిల్లా ఫైర్ ఆఫీసులోనే అడగండి, బ్రాండ్ మనిషిని కాదు.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలొస్తే ఆరుగురు చనిపోయారు. అంతా చిన్న వయసు యువతే. ఇలాంటి చోట్ల ఎక్కువమందిని బలి తీసుకునేది పొగ. జిమ్‌లో రబ్బరు ఫ్లోరింగు, సౌండ్ బయటికి పోకుండా వేసే ఫోమ్, ఫాల్స్ సీలింగ్ ఇవన్నీ దట్టమైన పొగ ఇచ్చే సరుకే. సీలింగ్ లోపల వైరింగ్ పైపుల్లో వెళ్లిందా, ఊరికే వదిలేశారా అన్నది సీలింగ్ మూసేలోపే చూడాలి.

ఇంకొకటి, దీన్ని చాలామంది చూసుకోరు. ఫ్రాంచైజీ జిమ్‌లలో తలుపుకు వేలిముద్ర మెషీన్, అయస్కాంతం లాక్ ఉంటాయి. కరెంటు పోతే, ఫైర్ అలారం మోగితే ఆ లాక్ తనంతట తానే విడిపోవాలి. కొందరు ఇన్‌స్టాలర్లు బ్యాటరీ బ్యాకప్ ఇచ్చి అలారంతో కలపకుండా వెళ్లిపోతారు. అప్పుడు లోపలివాళ్లు బయటికి రావడానికి కూడా వేలు పెట్టాలి. హ్యాండోవర్ రోజున మెయిన్ ఆఫ్ చేయించి, అలారం మోగించి, తలుపు తెరుచుకుంటుందో లేదో మీ చేత్తో తోసి చూడండి. లోపలివైపు బ్రేక్‌గ్లాస్ బటన్ (అద్దం పగలగొట్టి నొక్కితే లాక్ విడిపోయేది) కూడా ఉండాలి. రెండో మెట్ల దారిలో పాత మ్యాట్లు, వాటర్ క్యాన్లు పేర్చకండి.

వైజాగ్_వకీలు (విశాఖపట్నం)
అగ్రిమెంట్ సంగతి నేను చెబుతాను. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 కాంట్రాక్టు చట్టం, 1999 ట్రేడ్ మార్కుల చట్టం, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇవే ఆధారం. అంటే మీకు రక్షణగా నిలిచేది ఆ డ్రాఫ్టులో ఏం రాశారన్నదే. నోటిమాటలకు విలువ లేదు. చాలా డ్రాఫ్టుల చివర "ఇంతకు ముందు చెప్పినవేవీ చెల్లవు" అని కూడా ఉంటుంది.

చూడాల్సినవి చెబుతాను. ముందు ట్రేడ్ మార్కు. ఆ పేరు ఫిట్‌నెస్ సేవల తరగతిలో వాళ్ల కంపెనీ పేరు మీదే రిజిస్టరైందా? ట్రేడ్ మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. మీతో సంతకం చేసే కంపెనీ వేరు, మార్కు యజమాని వేరు అయితే, వాళ్లిద్దరి మధ్య లైసెన్సు కాగితం చూపించమనండి.

తర్వాత కాలపరిమితి. ఫ్రాంచైజీ ఐదేళ్లు, బిల్డింగ్ లీజు మూడేళ్లు అయితే, మిగిలిన రెండేళ్లకు మీరు ఓనర్ దయ మీద ఉంటారు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పదకొండు నెలల కాగితం మీద అరవై, డెబ్బై లక్షల ఇంటీరియర్ పెట్టకండి.

మానేశాక రెండేళ్లు, మూడేళ్లు ఇంకో జిమ్ పెట్టకూడదని రాస్తారు. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒప్పందం ముగిశాక అలాంటి ఆంక్ష సాధారణంగా చెల్లదు. ఒప్పందం నడుస్తున్నంత కాలం మాత్రం చెల్లుతుంది. 1995లో గుజరాత్ బాట్లింగ్, కోకా కోలా కేసులో సుప్రీంకోర్టు ఫ్రాంచైజీ విషయంలోనే ఆ మాట చెప్పింది. చెల్లదు కదా అని ఊరుకోకుండా ఆ క్లాజు కొట్టేయమని ఇప్పుడే అడగండి. తర్వాత కోర్టు చుట్టూ తిరగడం ఖర్చు. వివాదం వస్తే ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గర విచారణ) ముంబైలోనో, గురుగ్రామ్‌లోనో అని రాసుంటే హైదరాబాద్‌కు మార్చమనండి. ఇది అడిగితే ఒప్పుకునే బ్రాండ్లు ఉన్నాయి.

డల్లాస్_తమ్ముడు (టెక్సస్)
ఇక్కడ మా స్నేహితులు ఫ్రాంచైజీ తీసుకున్నప్పుడు చూశాను. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం, సంతకానికైనా డబ్బు కట్టడానికైనా కనీసం 14 రోజుల ముందు బ్రాండ్ వాళ్లు ఒక వివరాల పత్రం చేతికివ్వాలి. అందులో 23 అంశాలు. కంపెనీ మీదున్న కేసులు, దివాలా చరిత్ర, ఎన్ని బ్రాంచీలు మూతపడ్డాయి, పాత ఫ్రాంచైజీల ఫోన్ నంబర్లు అన్నీ. ఇండియాలో అలా ఇవ్వాలని చట్టం లేదని వకీలుగారు చెప్పారు కదా, అయినా మీరు అదే జాబితా అడగొచ్చు. ముఖ్యంగా మూతపడ్డ బ్రాంచీల వాళ్లతో మాట్లాడండి. నడుస్తున్నవాళ్ల నంబర్లు వాళ్లే ఇస్తారు.

బెజవాడ_బార్‌బెల్
ఇది మంచి మాట. 2019లో తల్వాల్కర్స్ లాంటి పాత పేరున్న జిమ్ సంస్థే అప్పులు కట్టలేక డిఫాల్ట్ అయింది. పెద్ద పేరు కదా అని ధీమాగా ఉండొద్దు. సభ్యుల ఏడాది ఫీజు ఎవరి ఖాతాలో పడుతుందో తేల్చుకోండి. బ్రాండ్ యాప్ ద్వారా వాళ్ల ఖాతాకు పోయి, వాళ్లు కోత పెట్టి మీకు పంపే పద్ధతి అయితే, వాళ్లు మూతేసిన రోజు సభ్యులు మీ కౌంటర్ దగ్గరకే వస్తారు.

ఆడిటర్_అక్క (గుంటూరు)
లెక్కలు నేను చెప్తా. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ సేవల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అందరూ ఇక్కడిదాకానే చదువుతున్నారు. ఆ 5 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే మీ ఖర్చుల మీద కట్టిన జీఎస్టీని ఇందులోంచి తగ్గించుకోలేరు. మీరు వసూళ్లలోంచి బ్రాండ్‌కు కట్టే వాటా, అంటే రాయల్టీ మీద 18 శాతం, కమర్షియల్ అద్దె మీద 18 శాతం మామూలుగానే ఉంటుంది, అది తిరిగి రాదు.

ఉదాహరణకు నెల వసూళ్లు ట్యాక్స్ కాకుండా 8 లక్షలు, రాయల్టీ 7 శాతం అనుకుందాం. రాయల్టీ 56,000, దాని మీద జీఎస్టీ 10,080. అద్దె 1,50,000 అయితే దాని మీద 27,000. ఈ రెండింటి దగ్గరే నెలకు 37,080 మీ ఖర్చులో కలుస్తుంది. బ్రాండ్ వాళ్లు ఇచ్చిన లాభాల షీట్ పాత పద్ధతిలో, క్రెడిట్ తీసుకుని వేసిందేమో చూడండి. రాయల్టీ ట్యాక్స్ కలిపిన వసూళ్ల మీదా, ట్యాక్స్ తీసేశాక వచ్చిన దాని మీదా అన్నది కూడా అగ్రిమెంట్‌లో స్పష్టంగా ఉండాలి.

మనుషుల విషయానికొస్తే పదిమంది ఉంటే ఈఎస్‌ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్. ట్రైనర్లను "ఫ్రీలాన్స్" అని రాసి, టైమింగ్స్ మీరే పెట్టి, యూనిఫాం ఇచ్చి, సెలవు మీరే మంజూరు చేస్తే, రేపు వాళ్లు ఉద్యోగులేనని అధికారులు అనొచ్చు. షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్, ప్రొఫెషన్ ట్యాక్స్ మొదటి నెలలోనే చేయించేయండి. మున్సిపల్ కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ ఫీజు చదరపు అడుగులు, ముందున్న రోడ్డును బట్టి ఉంటుంది, ఏటా రెన్యువల్. కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీకి మార్పించండి. గృహ కనెక్షన్ మీద నడిపితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్క కడతారు.

పాత_పహిల్వాన్ (రాజమండ్రి)
ఇంత టెన్షన్ ఎందుకండీ? చేరేటప్పుడే "నాకేం జరిగినా జిమ్‌కు సంబంధం లేదు" అని సంతకం తీసుకుంటే సరిపోతుంది. మేం ఎప్పటి నుంచో అలాగే చేస్తున్నాం.

వైజాగ్_వకీలు
పహిల్వాన్‌గారూ, ఆ కాగితం మిమ్మల్ని కాపాడుతుందనుకోవద్దు. కేబుల్ తెగి మనిషి మీద పడితే అది జిమ్ నిర్లక్ష్యం, సేవాలోపం. ముందే సంతకం పెట్టించుకున్నంత మాత్రాన ఆ బాధ్యత పోదు. 2019 చట్టంలో "అన్యాయమైన ఒప్పందం" అని ఒక నిర్వచనమే ఉంది. వినియోగదారుడి మీద ఏకపక్షంగా భారం మోపే షరతులను రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌లో సవాలు చేయొచ్చు. ప్రాణం పోతే నిర్లక్ష్యం కింద క్రిమినల్ కేసు కూడా ఉంటుంది, దానికి ఏ సంతకమూ అడ్డు రాదు.

సంతకం వద్దని కాదు. దాన్ని ఆరోగ్య ప్రశ్నావళిగా తీసుకోండి. ఛాతీనొప్పి వస్తుందా, కళ్లు తిరుగుతాయా, బీపీ, షుగర్, గుండె మందులు వాడుతున్నారా, కీళ్ల సమస్య ఉందా అని. "అవును" అన్న చోట డాక్టర్ చీటీ తెచ్చేదాకా బరువులు ఎత్తించకూడదు. తెలుగులో ఉండాలి, అర్థమయ్యేలా చదివి వినిపించాలి. అప్పుడు ఆ కాగితం మీ జాగ్రత్తకు సాక్ష్యం. పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోండి, ఫైర్ పాలసీ మనుషుల గాయాలకు పనికిరాదు.

హన్మకొండ_కోచ్ (వరంగల్)
ఇక్కడ కాగితాల గురించి చాలా వచ్చింది, ఫ్లోర్ మీద సంగతి నేను చెబుతాను.

2021 అక్టోబరు 29న కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో పోయినప్పుడు మా దగ్గర కూడా సభ్యులు రావడానికి భయపడ్డారు. 2022 ఆగస్టులో కమెడియన్ రాజు శ్రీవాస్తవ ట్రెడ్‌మిల్ మీదే కుప్పకూలారు. జిమ్ వల్లే గుండె ఆగుతుందని నేను అనను. ఆగిన ఆ నిమిషంలో పక్కన ఎవరున్నారు, వాళ్లకు ఏం తెలుసు అన్నదే ప్రశ్న. ఛాతీ నొక్కకుండా, గుండెకు మెషీన్‌తో షాక్ ఇవ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం దాదాపు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. 108 వచ్చేదాకా ఆగితే ఆలస్యమే.

అందుకే ప్రతి షిఫ్టులోనూ సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) నేర్చుకున్నవాళ్లు కనీసం ఇద్దరుండాలి. ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. పడిపోయిన మనిషి ఎక్కిళ్లలా ఆగి ఆగి గాలి పీలుస్తుంటే "ఊపిరి ఉంది" అనుకుని నీళ్లు చల్లుతూ నిలబడతారు మనవాళ్లు. అది ఊపిరి కాదు, వెంటనే మొదలుపెట్టాలి. గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ మెషీన్ కొనండి, లక్ష అటూ ఇటూ అవుతుంది. కొని మేనేజర్ గదిలో తాళం వేసి పెట్టొద్దు. రిసెప్షన్ గోడకు, అందరికీ కనబడేలా ఉండాలి.

రోజూ జిమ్ తెరవగానే చూసేవి: కేబుల్ మెషీన్లలో కేబుల్ పుల్లీ మీద వంగే చోట పైనున్న ప్లాస్టిక్ తొడుగు పగిలిందేమో వేలితో తడిమి చూడాలి. లోపలి తీగ ఒక్క పోగు బయటికొచ్చినా ఆ మెషీన్ ఆపేసి బోర్డు పెట్టాలి. స్క్వాట్ ర్యాకుకు సేఫ్టీ పిన్నులు రెండువైపులా ఒకే ఎత్తులో ఉండాలి. ట్రెడ్‌మిల్ ఎమర్జెన్సీ క్లిప్ దుస్తులకు తగిలించుకోవాలి. సభ్యులు దాన్ని హ్యాండిల్‌కు చుట్టేసి పరిగెడతారు, ట్రైనర్ వెళ్లి విప్పి తగిలించాల్సిందే. ట్రెడ్‌మిల్ వెనక రెండు మీటర్లు ఖాళీ ఉంచండి. బ్రాండ్ లేఅవుట్‌లో మెషీన్లు ఎక్కువ ఇరికించడానికి ముందు కోసేది ఆ ఖాళీనే. ఒక్కో ట్రెడ్‌మిల్‌కు విడి సర్క్యూట్, మంచి ఎర్తింగ్, 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్). ఇవన్నీ చూసి పుస్తకంలో తేదీ, సంతకం పెట్టాలి. ఏదైనా జరిగితే ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

ట్రైనర్‌కు ఫలానా సర్టిఫికెట్ ఉండాలని చట్టం లేదు, కానీ బ్రాండ్ మాన్యువల్ అడుగుతుంది. కాగితం చూసి ఊరుకోకండి. నడుంనొప్పి ఉన్న యాభై ఏళ్లాయన మొదటిరోజు వస్తే ఏం చేయిస్తావని అడగండి, తెలిసిపోతుంది.

మాదాపూర్_మార్నింగ్ (హైదరాబాద్)
నేను ఓనర్‌ని కాదు, మెంబర్‌ని. ఇంతవరకూ ఎవరూ ఆడవాళ్ల మాట ఎత్తలేదు. నేను మానేసిన ఒక జిమ్‌లో లేడీస్ డ్రెసింగ్ రూమ్ తలుపు తెరిస్తే ఎదురుగా కారిడార్ కెమెరా. ఫిర్యాదు చేస్తే "అది ఆఫ్‌లో ఉంది మేడమ్" అన్నారు. ఎవరికి చెప్పాలో బోర్డు కూడా లేదు.

పనిచోట లైంగిక వేధింపుల చట్టం 2013 ఉద్యోగినులకే అనుకుంటారు. ఆ చోటికి వచ్చే ఏ మహిళైనా, ఉద్యోగి కాకపోయినా, ఫిర్యాదు చేయొచ్చు. పదిమంది సిబ్బంది ఉంటే ఈ ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, లేకపోతే 50,000 దాకా జరిమానా. బోర్డు మీద కమిటీ వాళ్ల నంబరు పెట్టండి. స్ట్రెచింగ్ చేయించేటప్పుడు తాకే ముందు అడగాలని ట్రైనర్లకు నేర్పండి. లేడీ ట్రైనర్ ఉన్నారని ప్రకటనలో రాస్తే నిజంగా ఉండాలి.

వైజాగ్_వకీలు
సరైన పాయింట్ అమ్మా. డ్రెసింగ్ రూమ్ వైపు కెమెరా తిప్పి రికార్డు చేస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్, ఐటీ చట్టం 66ఈ రెండూ వస్తాయి. వేలిముద్రలు, ముఖం ఫోటోలు తీసుకుంటున్నారు కదా, 2023 డేటా రక్షణ చట్టం నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఆ డేటా బ్రాండ్ సర్వర్‌లో ఉంటుందా, మీ దగ్గరా, సభ్యుడు మానేస్తే ఎవరు తీసేస్తారు అన్నది అగ్రిమెంట్‌లో రాయించండి. 18 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి తప్పదు.

హన్మకొండ_కోచ్
ఇంకో మాట మర్చిపోకముందే. కౌంటర్‌లో ప్రొటీన్ డబ్బాలు అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి, బిల్లుతోనే కొనాలి. హైదరాబాద్‌లో జిమ్ కుర్రాళ్లకు మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు అమ్ముతూ పట్టుబడ్డ కేసులు చూస్తూనే ఉన్నాం. అది ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే డాక్టర్లు వాడే మందు. మీ ట్రైనర్ బ్యాగులో సిరంజి దొరికితే ఆ రోజే పంపేయండి. పిల్లల ప్రాణాలతో ఆడుకునే పని అది.

బెజవాడ_బార్‌బెల్
చిన్నవి రెండు. పాటలకు మీ సొంత యాప్ అకౌంట్ చెల్లదు, వ్యాపార స్థలంలో వినిపించడానికి కాపీరైట్ లైసెన్స్ వేరే తీసుకోవాలి. బోర్డు మీద పేరు తెలుగులో తప్పకుండా ఉండాలి. హైదరాబాద్‌లో నేల నుంచి 15 అడుగుల పైన ప్రకటన బోర్డులు పెట్టనివ్వరు, బ్రాండ్ డిజైన్ మూడో అంతస్తు పొడవునా గీసి ఇస్తుంది. ఆర్డర్ ఇచ్చేముందే తేల్చుకోండి.

నిజాంపేట_ఫిట్
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా బావగారికి మొత్తం చదివి వినిపించాను. అడ్వాన్సు ఆపేశాం. బ్రాండ్ వాళ్లకు ఈమెయిల్ పెట్టాం: ట్రేడ్ మార్కు కాగితం, మూతపడ్డ బ్రాంచీల వివరాలు, 5 శాతం జీఎస్టీతో కొత్త లెక్క, ఆర్బిట్రేషన్ హైదరాబాద్‌లో. మొదటి రెండూ పంపుతామన్నారు, మిగతావి "లీగల్ టీమ్‌ను అడగాలి" అన్నారు. ఓనర్ మాత్రం ఓసీ విషయం దాటవేస్తున్నారు. ఈ బిల్డింగ్ వదిలేయాలా, లేక అగ్రిమెంట్‌లో "ఓసీ ఇచ్చే బాధ్యత ఓనర్‌ది" అని రాయించుకుని ముందుకెళ్లొచ్చా?

సివిల్_సైట్
వదిలేయండి. ఓసీ లేకపోవడం ఓనర్ తప్పే కావచ్చు, సీల్ పడేది మాత్రం మీ జిమ్‌కు. అదే రోడ్డులో ఓసీ ఉన్న కమర్షియల్ బిల్డింగులు దొరుకుతాయి, అద్దె కాస్త ఎక్కువ ఉంటుంది. చూసినప్పుడు ప్లాన్ కాపీ ఇక్కడ పెట్టండి, ఓనర్ పేరు, ఇంటి నంబరు చెరిపేసి. బీములు, రెండో మెట్లు చూసి చెబుతాను.